ఎన్నికలు రెండు, ప్రధానులు ఐదుగురు: ఇదేం లెక్క మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఒంగోలు. మా ఆయన ఉద్యోగం మీద 2019 జనవరిలో ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చాం. నేను ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. మా అబ్బాయికి పదహారేళ్ళు, ఎ-లెవెల్‌లో పాలిటిక్స్ తీసుకున్నాడు. మామయ్యగారు వేసవికి వచ్చారు. అప్పటినుంచి రోజూ రాత్రి భోజనాల దగ్గర ఒకటే వాదన. మేం వచ్చాక ఇక్కడ జరిగిన పార్లమెంటు ఎన్నికలు రెండే, 2019 డిసెంబరులో ఒకటి, 2024 జులైలో ఒకటి. 2024 ఎన్నికలయ్యేసరికే ఐదుగురు ప్రధానుల్ని చూశాం. జనం ఓటేయకుండా ప్రధాని ఎలా మారిపోతాడు? మావాడేమో ఈ దేశానికి రాజ్యాంగం పుస్తకమే లేదంటాడు. మామయ్యగారు ఒప్పుకోరు, "మనం వీళ్ళని చూసే రాసుకున్నాం, వీళ్ళకి లేకపోవడమేంట్రా" అంటారు. మా ఆయన "రాజుగారుండగా ఇంక ప్రజాస్వామ్యం ఎక్కడ?" అని ఇంకో పుల్ల వేస్తారు. ఎవరి మాట నిజం? ఇంకో సంగతి. కౌన్సిల్ వాళ్ళ దగ్గర్నుంచి ఓటరు నమోదు అంటూ ఉత్తరం వచ్చింది. మాకున్నది ఇండియా పాస్‌పోర్టే కదా, మనకి కాదులే అని పక్కన పడేశాను. తప్పు చేశానా? టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ఉత్తరం గురించి టెన్షన్ పడకండమ్మా. కానీ ఆ కాగితం వెతికి బయటికి తీసి పెట్టుకోండి, చివర్లో దాని దగ్గరికి వస్తాను.

ముందు మీరు అక్కడ దిగిన నెల సంగతి. 2019 జనవరి 15 రాత్రి మీరు టీవీ పెట్టారో లేదో, సామాన్లు సర్దుకునే హడావిడిలో ఉండి ఉంటారు. ఆ రాత్రి ప్రధాని థెరిసా మే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడానికి (దాన్నే బ్రెగ్జిట్ అంటారు) కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్ని హౌస్ ఆఫ్ కామన్స్, అంటే మన లోక్‌సభ లాంటి సభ, 432–202 ఓట్లతో కొట్టేసింది. తేడా 230. ఆధునిక కాలంలో ఏ బ్రిటన్ ప్రభుత్వమూ సభలో అంత ఘోరంగా ఓడిపోలేదు. ఆమె సొంత కన్సర్వేటివ్ పార్టీ వాళ్ళే 118 మంది ఎదురు ఓటేశారు. ఇంక ప్రభుత్వం పడిపోయినట్టే అనుకుని ప్రతిపక్షం మర్నాడే అవిశ్వాస తీర్మానం పెట్టింది. 325–306తో ఆమె నెగ్గారు. ముందురోజు ఆమెను ముంచినవాళ్ళే మర్నాడు చేయందించి ఒడ్డుకు లాగారు.

ఇది అర్థమైతే సగం సిలబస్ అయిపోయినట్టేనని మీ అబ్బాయికి చెప్పండి. బిల్లు ఓడిపోవడం వేరు, సభ నమ్మకం పోవడం వేరు. అక్కడి రాజకీయమంతా ఒక్క చిలక్కొయ్యకు తగిలించి ఉంటుంది: కామన్స్‌లో ఎక్కువమంది ఈ మనిషి వెనక ఉన్నారా, లేరా? ప్రధాని, మంత్రులు, రాజుగారు చదివే ప్రసంగం, పన్నులు, అన్నీ దానికే వేలాడతాయి. ఆ కొయ్య ఊడిందా, ప్రభుత్వం దిగిపోవాలి, లేకపోతే ఎన్నికలకు వెళ్ళాలి. 1979 మార్చి 28న జేమ్స్ కాలహన్ లేబర్ ప్రభుత్వం 311–310తో, ఒక్క ఓటుతో, అలాగే పడిపోయింది. మామయ్యగారికి ఈ అంకె చెప్పగానే 1999 ఏప్రిల్ 17 గుర్తొస్తుంది చూడండి, వాజ్‌పేయి గారు 269–270తో ఓడిన రోజు.

ఆ 1979 రాత్రి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను, నాకు చాలా ఇష్టమైన కథ. లేబర్ ఎంపీ ఒకాయన, సర్ ఆల్‌ఫ్రెడ్ బ్రౌటన్, మంచాన పడి చావుబతుకుల్లో ఉన్నారు. ఆయన్ని అంబులెన్సులో తీసుకొస్తే ఓట్లు సమానమవుతాయి. అక్కడ పెయిరింగ్ అని ఒక పద్ధతుంది. మావాడు రాలేడు, మీవాడొకణ్ణి ఆపండి, లెక్క సరిపోతుంది అని రెండు పార్టీల విప్‌లు, అంటే తమ ఎంపీలను ఓటింగ్‌కు కూడగట్టేవాళ్ళు, మాట్లాడుకుంటారు. అంతా పెద్దమనుషుల ఒప్పందం, రాతకోతలు ఉండవు. అయితే అవిశ్వాసం రోజున మాత్రం పెయిరింగ్ చెయ్యరు. అయినా లేబర్ విప్ వాల్టర్ హారిసన్ వెళ్ళి కన్సర్వేటివ్ విప్ బెర్నార్డ్ వెదరిల్‌ను అడిగాడు. ఈ పరిస్థితిలో మావాళ్ళెవర్నీ ఆపమని చెప్పలేను, నేనే ఓటెయ్యకుండా ఉంటానన్నాడు వెదరిల్. అలా చేస్తే ఆయన రాజకీయ జీవితం అక్కడితో సరి. ఆ మాట అన్నందుకే హారిసన్ మనసు కరిగి, వద్దులే అని వెనక్కి వచ్చేశాడు. ఒక్క ఓటుతో ప్రభుత్వం పోయింది, మార్గరెట్ థాచర్ వచ్చారు. బ్రౌటన్ కొద్దిరోజులకే చనిపోయారు. వెదరిల్ తర్వాత కామన్స్ స్పీకర్ అయ్యారు.

ఇక మీ అసలు ప్రశ్న. జనం ఓటేయకుండా ప్రధాని మారడం మీకు వింతగా ఉంది. నిజానికి అక్కడ ప్రధానికి జనం ఎప్పుడూ ఓటేయలేదమ్మా. బ్యాలెట్ కాగితం మీద మీ నియోజకవర్గంలో నిలబడ్డవాళ్ళ పేర్లే ఉంటాయి. అలాంటి 650 నియోజకవర్గాల నుంచి 650 మంది వెళ్తారు. వాళ్ళలో ఎక్కువమంది ఎవరి వెనక నిలబడతారో ఆ మనిషే ప్రధాని. మన దగ్గరా కాగితం మీద పద్ధతి ఇదే. టీవీలో ఫలానా నాయకుడి ముఖమే చూసి చూసి, ఆయనకే ఓటేశామనుకుంటాం.

కాబట్టి పాలక పార్టీ ఎంపీలకు మనసు మారితే ఎన్నికలతో పనిలేకుండా ప్రధాని మారతాడు. మీరు చూసిన ఐదుగురిలో మొదటి ముగ్గురూ జనం ఓటుతో పోలేదు. సొంత ఎంపీల చేతిలోనే పోయారు.

మే తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ సంగతి చూడండి. 2019 డిసెంబరులో 365 సీట్లు, 80 మెజారిటీ. అంత బలమున్న మనిషికి రెండున్నరేళ్ళు తిరిగేసరికి ఏమైంది? లాక్‌డౌన్‌లో జనాన్ని ఇంట్లో కూర్చోమని ప్రధాని కార్యాలయంలో పార్టీలు చేసుకున్నారన్న గొడవ, పోలీసులు ఆయనకే జరిమానా వేయడం. అప్పటి కన్సర్వేటివ్ పార్టీ నియమం ప్రకారం ఎంపీల్లో 15 శాతం మంది మాకు నాయకుడి మీద నమ్మకం లేదని చీటీలు రాసిస్తే ఓటింగ్ పెట్టాలి. ఆ చీటీలు తీసుకునేది 1922 కమిటీ అనే, మంత్రి పదవుల్లేని వెనక బెంచీల ఎంపీల సంఘం. 2022 జూన్ 6న ఓటింగ్ జరిగింది, 211–148తో జాన్సన్ గెలిచారు. గెలిచారన్న మాటేగానీ, 148 మంది సొంతవాళ్ళు వద్దన్నాక ఆ గెలుపేం గెలుపు? నెల తిరక్కుండానే డిప్యూటీ చీఫ్ విప్‌గా తాను పెట్టుకున్న ఎంపీ మీద వచ్చిన ఆరోపణలు ముందే తెలుసా లేదా అనేదాని మీద ప్రధాని కార్యాలయం మాట మార్చింది. జులై 5 సాయంత్రం ఆరోగ్యమంత్రి సాజిద్ జావిద్, ఆర్థికమంత్రి రిషి సునాక్ నిమిషాల తేడాతో రాజీనామా చేశారు. ఆ వెంటనే ఒకరి వెనక ఒకరు. రెండ్రోజుల్లో యాభై మందికి పైగా మంత్రులు, సహాయకులు వెళ్ళిపోయారు. శాఖలు నడపడానికి మనుషులు లేరు. 7వ తేదీన ఆయన బయటికొచ్చి వెళ్ళిపోతున్నానని చెప్పారు. కోర్టు చెప్పలేదు, రాణిగారు చెప్పలేదు, జనం ఓటెయ్యలేదు. కింద మనుషులు జారిపోయారు, అంతే.

ఆ తర్వాత లిజ్ ట్రస్. ఆమెను ఎంచుకున్నది పార్టీ సభ్యులు, 81,326 ఓట్లతో. ఎదురు నిలబడ్డ సునాక్‌కు 60,399. దేశ ప్రధానిని లక్షన్నర మంది కూడా కాదు, అందులో సగం పైచిలుకు మంది నిర్ణయించారన్నమాట. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఎంపీల నమ్మకం మీద బతకాల్సిన పదవికి చందా కట్టిన సభ్యులు మనిషిని పంపిస్తే, ఆ మనిషి మీద ఎంపీలకు నమ్మకం లేకపోతే? ట్రస్ విషయంలో అదే అయింది. ఎంపీల ఓటింగ్‌లో ముందున్నది సునాక్. సెప్టెంబరు 23న డబ్బెక్కడినుంచి వస్తుందో చెప్పకుండా భారీ పన్ను కోతలు ప్రకటించారు, పౌండు పడింది, ప్రభుత్వ బాండ్ల మార్కెట్‌ను నిలబెట్టడానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగాల్సి వచ్చింది. మీకు అప్పటికే ఇంటి లోను ఉంటే వడ్డీ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆర్థికమంత్రిని తీసేసినా ఆగలేదు. ఒక టాబ్లాయిడ్ పత్రిక లెట్యూస్ ఆకుకూర గడ్డను కెమెరా ముందు పెట్టి, ఇది ముందు వాడిపోతుందా, ఆమె ముందు దిగిపోతారా అని చూపించింది. ఆకుకూరే గెలిచింది. పదవిలో ఉన్నది మొత్తం 49 రోజులు. అక్టోబరు 25న సునాక్ వచ్చారు. ఆ సారి పోటీకి దిగిన రెండో మనిషి చివరి నిమిషంలో తప్పుకోవడంతో సభ్యుల ఓటింగే జరగలేదు.

ఇలాంటిది మాకు లేదని మామయ్యగారు అంటే నమ్మకండి. 1978 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క శాసనసభ కాలంలో నలుగురు ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆ విసుగులోంచే 1983లో ఎన్టీఆర్ వచ్చారు. తేడా ఎక్కడుందంటే, మన సీల్డ్ కవర్ పైనుంచి వచ్చేది, ఢిల్లీ నుంచి. ఎమ్మెల్యేలు చేతులెత్తడం లాంఛనం. లండన్‌లో చీటీలు కింది నుంచి వెళ్తాయి. అధిష్ఠానమే వణుకుతూ కూర్చుంటుంది.

ఎందుకిలా అంటే, నా దృష్టిలో పెద్ద కారణం విప్. మన పేపర్లలో విప్ జారీ అన్నమాట చదివే ఉంటారు. మాటా, పద్ధతీ అక్కడినుంచి వచ్చినవే. నక్కల వేటలో కుక్కల గుంపు చెదిరిపోకుండా చూసే మనిషి పేరు అది, ఎంపీలకు అంతకన్నా మర్యాద ఇవ్వలేదు. ప్రతి వారం ఎంపీలకు పంపే కాగితంలో ఓటింగ్ ఉన్న విషయం కింద గీతలు గీస్తారు. మూడు గీతలుంటే తప్పనిసరిగా రావాలి, చెప్పినట్టు వెయ్యాలి. ఇంతవరకూ మనదీ వాళ్ళదీ ఒకటే. ధిక్కరిస్తే ఏమవుతుందన్న దగ్గరే దారులు విడిపోయాయి. మనకు 1985లో ఫిరాయింపుల చట్టం, రాజ్యాంగానికి పదో షెడ్యూలు వచ్చాయి. విప్‌ను కాదంటే సభ్యత్వమే పోవచ్చు. అక్కడ అలాంటి చట్టం లేదు. పార్టీ నుంచి బయటకు పంపుతారు, దాన్ని విప్ తీసేయడం అంటారు, కానీ ఎంపీ ఎంపీగానే ఉంటాడు. 2019 సెప్టెంబరులో జాన్సన్ ఒక్కరోజే 21 మంది సొంత ఎంపీలకు విప్ తీసేశారు. అందులో మాజీ ఆర్థికమంత్రులు ఇద్దరు, చర్చిల్ మనవడు ఒకాయన. అందరూ మర్నాడు అదే సభలో కూర్చున్నారు. ఆ చర్చిల్ కూడా 1904లో కన్సర్వేటివ్ బెంచీల మీంచి లేచి లిబరల్ బెంచీల వైపు వెళ్ళి కూర్చున్నవాడే, ఇరవయ్యేళ్ళకు మళ్ళీ ఇటు వచ్చాడు. ఎవరూ రాజీనామా చెయ్యమనలేదు. దీన్ని ఫ్లోర్ దాటడం అంటారు.

ఇది మంచిదా అంటే చెప్పడం కష్టం. ఆయారాం గయారాంలు, క్యాంపులు, రిసార్టులు చూసిన దేశం మనది, ఆ చట్టం ఊరికే రాలేదు. కానీ దానివల్ల మన ఎంపీ, ఎమ్మెల్యే సభలో చెయ్యి ఎత్తే మనిషిగా మిగిలిపోయాడని నా బాధ. అక్కడ ప్రభుత్వానికి 80 మెజారిటీ ఉన్నా, వెనక బెంచీలో కూర్చున్న పేరు తెలియని ఎంపీకి ఫోన్ చేసి బతిమాలుకోవాల్సి వస్తుంది. ప్రధానులు అన్ని సార్లు మారడం దాని ఖరీదు.

మంత్రుల సంగతి కూడా ఇక్కడే. క్యాబినెట్ లోపల ఎంత కొట్టుకున్నా బయటికొచ్చాక ఒకే మాట. నచ్చకపోతే రాజీనామా చెయ్యాలి, ఇరాక్ యుద్ధం ముందు 2003లో రాబిన్ కుక్ చేసినట్టు. దాన్ని ఉమ్మడి బాధ్యత అంటారు. తన శాఖలో తప్పు జరిగితే తానే నెత్తినేసుకుని వెళ్ళడం రెండోది. 1982లో అర్జెంటీనా ఫాక్‌లాండ్స్ దీవుల మీదికి వచ్చినప్పుడు విదేశాంగ మంత్రి లార్డ్ కారింగ్టన్ అలా వెళ్ళారు. ఈ మధ్య ఈ రెండోది బాగా పలచబడిందని మీవాడు పరీక్షలో రాసుకోవచ్చు, మార్కులు తగ్గవు.

ఇప్పుడు తాతా మనవళ్ళ తగువు. మనవడు పుస్తకం లేదన్నాడు, నిజమే. తాత రాజ్యాంగం లేకపోవడమేంటన్నారు, అదీ నిజమే. రాజ్యాంగం ఉంది, ఒక్కచోట కుట్టిన పుస్తకంగా లేదు. 1689 నాటి హక్కుల చట్టం, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, 1998 మానవ హక్కుల చట్టం, స్కాట్లాండ్‌కు సొంత పార్లమెంటు ఇచ్చిన 1998 చట్టం, కోర్టు తీర్పులు, ఇలా బీరువా నిండా విడివిడి కాగితాలు. వాటికి మించి ఆనవాయితీలు. ప్రధాని కామన్స్ సభ్యుడై ఉండాలని ఏ చట్టంలోనూ లేదు. 1902 తర్వాత ఎగువ సభ అయిన లార్డ్స్‌లో కూర్చుని ఎవరూ దేశాన్ని ఏలలేదు కాబట్టి అది రూల్ అయిపోయింది. 1963లో లార్డ్ హోమ్ ప్రధాని అవ్వాల్సి వస్తే బిరుదు వదులుకుని, ఉప ఎన్నికలో గెలిచి కామన్స్‌కు వచ్చారు. మన మన్మోహన్ సింగ్ గారు పదేళ్ళూ రాజ్యసభ నుంచే ప్రధానిగా ఉన్నారు, అది అక్కడ కుదరదు. ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు సారె పెట్టాలని ఏ చట్టంలో ఉందమ్మా? పెట్టకపోతే ఊరుకుంటారా? ఆనవాయితీ అంటే అదే.

అయితే మామయ్యగారు ఒకచోట పొరబడ్డారు. పార్లమెంటు పద్ధతి వాళ్ళని చూసి తెచ్చుకున్నాం గానీ, ఆ పార్లమెంటుకున్న అధికారాన్ని తెచ్చుకోలేదు. మన దగ్గర రాజ్యాంగం పైన, పార్లమెంటు కింద. 1973 కేశవానంద భారతి తీర్పుతో, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని సవరణ చేసి కూడా మార్చలేమని తేలింది. అక్కడ పార్లమెంటుదే చివరి మాట. సాధారణ మెజారిటీతో ఏ చట్టమైనా చెయ్యొచ్చు, ఏదైనా రద్దు చెయ్యొచ్చు, ఏ కోర్టూ ఆ చట్టాన్ని కొట్టెయ్యలేదు. మానవ హక్కులకు సరిపోవడం లేదని చెప్పగలదు, అంతే.

ఎంత దూరం వెళ్తుందో చూడండి. శరణార్థుల్ని రువాండా పంపే ప్రభుత్వ పథకం చట్టవిరుద్ధమని 2023 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ దేశం వాళ్ళకు సురక్షితం కాదన్నది కారణం. 2024లో పార్లమెంటు ఒక చట్టం చేసింది: రువాండా సురక్షితమైన దేశం. అయిపోయింది. మన ఊళ్ళో అయితే నవ్వుతారు. ఇంకోటి. ఐదేళ్ళలోపు ఎన్నికలు పెట్టాలంటే కామన్స్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని 2011లో చట్టం చేసుకున్నారు. 2019లో ఆ రెండొంతులు దొరక్కపోతే, సాధారణ మెజారిటీతో చిన్న చట్టం చేసి ఎన్నికలకు వెళ్ళిపోయారు. 2022లో ఆ 2011 చట్టాన్నే తీసేశారు. ఇవాళ్టి పార్లమెంటు రేపటి పార్లమెంటు చేతులు కట్టెయ్యలేదన్న సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మీవాడికి దొరకదు.

కోర్టుకు పళ్ళే లేవని కాదు. చట్టాన్ని ముట్టుకోలేదు గానీ, మంత్రుల పనుల్ని ముట్టుకోగలదు. 2019లో జాన్సన్ పార్లమెంటును ఐదు వారాలు మూయించినప్పుడు పదకొండు మంది జడ్జీలు ఒకే మాటగా అది చెల్లదన్నారు, సెప్టెంబరు 24న. తీర్పు చదివిన లేడీ హేల్ సాలెపురుగు బ్రోచ్ పెట్టుకుని వచ్చారు. తీర్పు కన్నా ఆ బ్రోచ్ గురించి ఎక్కువ మాట్లాడుకున్నారు. మూయించింది రాజ్యాధినేత సంతకంతో, కానీ తప్పు ప్రధానిది. ఎందుకంటే రాణిగారు ప్రధాని సలహాను కాదనరు.

మీ వారి పుల్ల దగ్గరికి వచ్చాం. రాజుగారు ఉన్నారు, అధికారం ఆయన పేరు మీద ఉంది, వాడేది మంత్రులు. పార్లమెంటు పాస్ చేసిన బిల్లుకు సంతకం నిరాకరించిన చివరి మనిషి రాణి ఆన్, 1708లో. ప్రతి సమావేశాల మొదట్లో రాజుగారు కిరీటం పెట్టుకుని చదివే ప్రసంగం ప్రభుత్వం రాసిచ్చిందే, మన గవర్నర్ ప్రసంగం లాగా. ఆ రోజు తమాషా ఒకటి చూడండి. కామన్స్ ఎంపీలను పిలవడానికి బ్లాక్ రాడ్ అనే అధికారి వస్తుంటే ముఖం మీదే తలుపు ధడాలున వేస్తారు, మూడుసార్లు కొడితేనే తీస్తారు. 1642లో మొదటి చార్లెస్ రాజు ఐదుగురు ఎంపీలను అరెస్టు చెయ్యడానికి సైనికులతో కామన్స్‌లోకి వచ్చాడు, ఆ తర్వాత ఏ రాజూ రాణీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. రాజుగారుండగా ప్రజాస్వామ్యం ఎక్కడని అడిగితే, ఆ తలుపు చూపించండి.

హౌస్ ఆఫ్ లార్డ్స్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ ఎవరినీ జనం ఎన్నుకోరు. డబ్బు బిల్లును నెలకు మించి ఆపలేరు, మిగతావాటిని సుమారు ఏడాది వాయిదా వేయగలరు. చదువుకున్న పెద్దవాళ్ళు బిల్లులో తప్పులు దిద్దుతారని సమర్థించేవాళ్ళు చాలామంది. నాకైతే రాజ్యసభే నయం, ఎమ్మెల్యేలైనా ఓటేస్తారు.

ఎంపీ పదవికి రాజీనామా చెయ్యడం చట్టప్రకారం కుదరదని మీవాడికి తెలుసో లేదో అడగండి. 1624 నుంచీ అంతే. వదిలెయ్యాలంటే చిల్టర్న్ హండ్రెడ్స్ అనే చోటికి రాజుగారి గుమాస్తా పదవి అడగాలి. పనీ లేదు, జీతమూ లేదు, కానీ రాజుగారి కొలువులో ఉన్నవాడు ఎంపీగా ఉండకూడదు కాబట్టి సీటు పోతుంది. 2023లో జాన్సన్ ఇలాగే వెళ్ళారు. విచిత్రం ఏమిటంటే ఆ చిల్టర్న్ కొండలు మీ రెడింగ్‌కు పక్కనే.

సీట్ల లెక్క మీద ఒక్క ముక్క. 2024లో లేబర్‌కు 33.7 శాతం ఓట్లకు 411 సీట్లు. రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం వస్తే ఐదు సీట్లు, అంతకన్నా తక్కువగా 12.2 శాతం వచ్చిన లిబరల్ డెమోక్రాట్లకు 72. ప్రతిచోటా కొంచెం కొంచెం వస్తే ఏమీ రాదు, కొన్నిచోట్ల గుట్టగా వస్తే పంట. మనం వాళ్ళ దగ్గర తెచ్చుకున్నవాటిలో దీన్ని అక్షరం మార్చకుండా తెచ్చుకున్నాం. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం పైగా ఓట్లు, 175లో 11 సీట్లు.

ఇప్పుడు ఆ ఉత్తరం. మీకు ఓటు ఉందమ్మా. వీసా మీద ఉన్నా ఉంది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్‌వెల్త్ దేశాల పౌరులు పార్లమెంటు ఎన్నికల్లోనూ, స్థానిక ఎన్నికల్లోనూ ఓటెయ్యొచ్చు. సామ్రాజ్యం కాలంలో అందరూ ఒకే రాణి ప్రజలన్న లెక్క నుంచి మిగిలిన హక్కు ఇది. మీ పక్కింట్లో ఫ్రెంచి ఆయనో జర్మన్ ఆయనో ఉంటే, పాతికేళ్ళనుంచి ఉన్నా, అక్కడి పౌరసత్వం తీసుకోకపోతే పార్లమెంటుకు ఓటెయ్యలేడు. మీరు దిగిన ఏడాది డిసెంబరు ఎన్నికల్లోనే మీరు వేసి ఉండొచ్చు. అంత మాత్రాన మీ భారత పౌరసత్వానికి ఏమీ కాదు. ఇంకో దేశం పౌరసత్వం తీసుకుంటేనే అది పోతుంది.

నమోదు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, మీ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. జాతీయత దగ్గర ఇండియన్ అనే పెట్టండి, దాచాల్సిందేమీ లేదు. కౌన్సిల్ ఉత్తరానికి జవాబివ్వకుండా, మళ్ళీ మళ్ళీ అడిగినా నమోదు చేసుకోకపోతే 80 పౌండ్ల జరిమానా కూడా వెయ్యొచ్చు, అందుకే తీసి పెట్టుకోమన్నాను. అప్పు ఇచ్చేవాళ్ళు మీ చిరునామా సరిచూసేది ఆ జాబితాలోనే, ఇల్లు కొనే ఆలోచన ఉంటే పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో పదహారేళ్ళకే పేరు ఎక్కించుకోవచ్చు కాబట్టి మీ అబ్బాయిది కూడా ఇప్పుడే పెట్టేయండి, ఓటు వయసు వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. శాశ్వత నివాసం, అదే ఐఎల్ఆర్, వచ్చాక మీరు పోటీ కూడా చెయ్యొచ్చు. 1892లోనే దాదాభాయ్ నౌరోజీ లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి, వేళ్ళ మీద లెక్కపెట్టగల ఓట్ల తేడాతో, కామన్స్‌కు గెలిచారు.

పోలింగ్ రోజు మన లాగా సెలవు ఉండదు, సాధారణంగా గురువారం పెడతారు, పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా. ఫొటో గుర్తింపు అడుగుతారు. ఇండియా పాస్‌పోర్టు చెల్లుతుంది, ఆధార్ చెల్లదు. ఈవీఎం ఉండదు, వేలికి సిరా పెట్టరు. ఒక కాగితం ఇస్తారు, అక్కడ తాడుకు కట్టిన పెన్సిల్ ఉంటుంది, దాంతో ఇంటూ గుర్తు పెట్టి డబ్బాలో వెయ్యడమే. పెన్సిల్‌తో వేస్తే చెరిపెయ్యరూ అని మామయ్యగారు తప్పకుండా అడుగుతారు. కావాలంటే మీ పెన్ను మీరు తీసుకెళ్ళొచ్చు. కేర్ హోమ్‌లో ఆ రోజు మీకు లాంగ్ షిఫ్టు పడుతుందనుకుంటే నమోదు అయ్యాక పోస్టల్ ఓటుకు దరఖాస్తు పెట్టుకోండి, కారణం చెప్పక్కర్లేదు.